ముగ్గా, పాటా, అల్లికా, కోలాటమా? ఒంటికీ మనసుకూ సరిపడే వ్యాపకాన్ని ఎంచుకోవడం

మా ఇంట్లో బీరువా మీద ఒక వయొలిన్ ఉంది. ఆరేళ్ల క్రితం రక్తపోటు మాత్ర మొదలుపెట్టినప్పుడు డాక్టరు గారు "ఏదైనా ఒక వ్యాపకం పెట్టుకోండి, మనసు కుదుటపడుతుంది" అన్నారు. ఆ సాయంత్రమే వెళ్లి కొనుక్కొచ్చాను. నెల్లూరులో ఒక బియ్యం మిల్లుకు లెక్కలు రాయడం నా ఉద్యోగం. పొద్దున కూర్చుంటే రాత్రి ఎనిమిది దాకా తప్పు పోకూడని పని. వయొలిన్ కూడా అలాంటిదేనని తర్వాత తెలిసింది. వేలు వెంట్రుకవాసి జరిగితే స్వరం తప్పుతుంది, ఆ తప్పు ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది. రెండు నెలలకే అది పెట్టెలోకి వెళ్లింది. ఇప్పుడు దాని మీద పాత క్యాలెండర్లు పేర్చి ఉన్నాయి.

ఆ తర్వాత మా వీధి రామమందిరం భజన బృందంలో చేరాను. శనివారం రాత్రి గంటన్నర. నా గొంతు తప్పినా పదిమంది గొంతుల్లో కలిసిపోతుంది. అది మాత్రం నిలిచింది. వయొలిన్ చెడ్డదేమీ కాదు. రోజంతా చేసే పనినే వేరే వేషంలో ఇంటికి తెచ్చుకున్నాను, అంతే. అందుకే "ఏ వ్యాపకం మంచిది?" అని ఎవరైనా అడిగితే, ముందు వాళ్ల రోజు ఎలా గడుస్తుందో అడుగుతాను. ఆ రోజులో ఏది లేదో అది ఇచ్చే వ్యాపకమే వాళ్లకు మంచిది.

ముందు చూసుకోవలసినవి

*మీ రోజు దేనితో నిండి ఉంది?* లెక్కలు, కంప్యూటర్ పని, పరీక్షల చదువు ఉన్నవాళ్లకు తల అలసిపోతుంది, ఒళ్లు కదలదు. పొలం పనో మూటల పనో చేసేవాళ్లకు ఒళ్లు హూనమవుతుంది, వేళ్లకు నాజూకు పని ఉండదు. పసిపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంటిని ఒంటిచేత్తో నడిపే ఆవిడకు రెండూ అలసిపోతాయి. ఆమెకు లేనిది తనకంటూ మిగిలే అరగంట. మిగిలిన కొలతలన్నీ దీని తర్వాతే.

*మనుషులు ఎక్కువయ్యారా, తక్కువయ్యారా?* ట్రంకు రోడ్డు మీద బట్టల దుకాణంలో పొద్దుటి నుంచి బేరాలాడిన మనిషిని సాయంత్రం మళ్లీ గుంపులో పడేస్తే పారిపోతాడు. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో స్థిరపడి, ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతులకు గుంపే మందు.

*ఒంట్లో ఏ భాగం మొరాయిస్తోంది?* మోకాళ్లు, మెడ, మణికట్టు, కళ్లు, గొంతు. ప్రతి వ్యాపకమూ వీటిలో ఒకదాని మీద బరువు వేస్తుంది.

*తప్పుకు శిక్ష ఎంత?* ముగ్గు తప్పితే చెరిపేస్తాం, అల్లిక తప్పితే విప్పేస్తాం. చెక్క ఒకసారి ఎక్కువ చెక్కితే మళ్లీ అతకదు. ఎప్పుడూ తప్పు గురించి భయపడే ఉద్యోగం ఉన్నవాళ్లు తప్పు చెరిగిపోయే వ్యాపకాన్నే ఎంచుకోవాలి.

*మన వేళలకూ మన ఎండకూ కుదురుతుందా?* కత్తెర ఎండల్లో ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా మధ్యాహ్నం బయట చేసేది ఏదీ రెండు వారాలు నిలబడదు.

ఖర్చును కొలతగా పెట్టలేదు. డబ్బు పెట్టినంత మాత్రాన పట్టుదల రాదని వయొలిన్ కొన్నవాడిగా చెబుతున్నాను.

ఈ లాభాలు ఎంతవరకు నిజం?

2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 39 మంది పెద్దవాళ్లకు మట్టి, రంగు పెన్నులు, అతికించే కాగితాలు ఇచ్చి, 45 నిమిషాలు తోచింది చేయమన్నారు. ముందూ తర్వాతా లాలాజలం పరీక్షిస్తే, ఒత్తిడికి సూచిక అయిన కార్టిసాల్ దాదాపు ముప్పావు వంతు మందిలో తగ్గింది. నాకు అంతకన్నా నచ్చింది ఇంకొకటి ఉంది: బొమ్మలు వేయడం వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే అది చిన్న ప్రయోగం, ఊరికే కూర్చున్న మరో గుంపుతో పోల్చి చూసింది కాదు.

2023లో వచ్చిన పెద్ద పరిశీలన ఒకటి 16 దేశాల్లో 65 ఏళ్లు దాటిన 93,263 మంది వివరాలు చూసింది. వ్యాపకం ఉన్నవాళ్లలో దిగులు లక్షణాలు తక్కువగా, జీవితం మీద తృప్తి ఎక్కువగా కనిపించాయి. ఆ జాబితాలో మన దేశం లేదు. పైగా ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లే వ్యాపకం పెట్టుకుంటారన్న అనుమానం ఇలాంటి లెక్కల్లో పూర్తిగా పోదు. కాబట్టి వ్యాపకం మాత్రకు తోడు మాత్రమే. నేను ఇప్పటికీ రక్తపోటు మాత్ర వేసుకుంటున్నాను.

ఒక్క చూపులో

| వ్యాపకం | ఎలాంటి రోజుకు విరుగుడు | మనుషులు | జాగ్రత్త | ఫలితం కనబడేది |
|---|---|---|---|---|
| ముగ్గు, బొమ్మలు | గందరగోళంగా, ఒకదాని మీద ఒకటి పడే పనులు | ఒక్కరే | మోకాళ్లు, నడుము, దుమ్ము | పావుగంటలో |
| భజన, బృందగానం | కదలని, మాట్లాడని ఉద్యోగం. ఒంటరితనం | గుంపు | గొంతు | మొదటి రోజే |
| శాస్త్రీయ సంగీతం | మెదడుకు పని తగ్గిన విశ్రాంత జీవితం | గురువు, తాము | ఓర్పు | ఏడాది పైన |
| అల్లిక, కుట్టు | ఎదురుచూపులు, ఆందోళన | ఎలాగైనా | మెడ, బొటనవేలు, కళ్లు | వారంలో |
| కోలాటం | కూర్చునే ఉద్యోగం | గుంపు | మోకాళ్లు, పాదాలు | నెలలో |
| రాత | లోపల దాచుకున్న బరువు | ఒక్కరే | పాత గాయాలు | ఆలస్యంగా |
| చెక్క పని | తెర ముందు గడిచే రోజు | ఒక్కరే | కత్తి, పొట్టు | నెలల్లో |

ముగ్గు, బొమ్మలు

చిత్రలేఖనం అనగానే స్టాండు, కాన్వాసు, రంగుల పెట్టె గుర్తొస్తాయి. మన వాకిళ్లలో రోజూ జరిగేది కూడా చిత్రలేఖనమే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టుకుని, మణికట్టు తిప్పకుండా చేయంతా జరిపితేనే గీత సన్నగా, తెగకుండా వస్తుంది. మెలికల ముగ్గులో చుక్క చుట్టూ తిరిగిన గీత మళ్లీ మొదలైన చోటికే చేరాలి. ఆ కాసేపు గ్యాసు బుకింగూ గుర్తు రాదు, పిల్లవాడి ఫీజూ గుర్తు రాదు. గీత ఎక్కడుందో మరిచిపోతే ముగ్గు పోతుంది కనుక మనసు వేరే చోటికి పోవడానికి వీలుండదు.

2005లో వచ్చిన ఒక అధ్యయనంలో కాలేజీ విద్యార్థులకు ఆందోళన కలిగించి, కొందరికి మండలం బొమ్మ (గుండ్రటి వలయాల నమూనా), కొందరికి గళ్ల నమూనా, కొందరికి ఖాళీ కాగితం ఇచ్చి రంగులు వేయమన్నారు. నమూనా ఉన్నవాళ్లలో ఆందోళన ఎక్కువ తగ్గింది. ఖాళీ కాగితం ముందు "ఏం వేయాలి?" అన్నదే మరో బెంగ. చుక్కలు ఆ బెంగను తీసేస్తాయని నా ఊహ. అందుకే కొత్తవాళ్లకు ఖాళీ డ్రాయింగ్ పుస్తకం కన్నా చుక్కల ముగ్గునే ముందు చెబుతాను. తర్వాత కావాలంటే పెన్సిలు, నీటి రంగులు.

చిక్కల్లా మోకాళ్లతోనే. మా అత్తగారికి మోకీళ్ల అరుగుదల. గొంతుక్కూర్చోలేక రెండేళ్లు ముగ్గే మానేశారు. సంక్రాంతి నెలంతా గుమ్మంలో కుర్చీ వేసుకుని పక్కింటి ముగ్గులకు వంకలు పెడుతూ గడిపారు. ఒకసారి మార్కాపురం వెళ్లినప్పుడు మనవడి కోసం రాతి పలక తెచ్చాను. మనవడు దాన్ని ముట్టుకోలేదు. ఆవిడ ఒళ్లో పెట్టుకుని, సుద్దముక్క తడిపి, ఏడు చుక్కల మెలిక వేశారు. తడి సుద్ద వేసేటప్పుడు గీత సరిగా కనబడదు, ఆరాక తెల్లగా తేలుతుంది. ఆరే దాకా ఆగి, కళ్లద్దాలు సవరించుకుని, ఎక్కడ తెగిందో చూసి, తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక అదే పని. పక్కింటి ముగ్గులకు వంకలు పెట్టడం మాత్రం మానలేదు.

ఒక మాట: బజారులో దొరికే ముగ్గుపొడి చాలావరకు రాతిపొడి. మూసిన గదిలో దానితో పని చేయకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. బియ్యప్పిండి అయితే చీమలకైనా పనికొస్తుంది.

పాట: భజనా, సంగీతమా?

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే చాలామంది నాలాగే దెబ్బతింటారు.

భజన బృందానికి వెళితే ఆ రోజే ఫలితం. పాడాలంటే గుక్క తిప్పుకోకుండా ఊపిరి నెమ్మదిగా వదలాలి, అది దానంతటదే ఒక ప్రాణాయామం. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు బృందంగా పాడేవాళ్ల గుండె వేగాన్ని చూశారు. పాట చరణాలకు తగ్గట్టు అందరూ ఒకేసారి ఊపిరి తీసి వదలడంతో గుండె వేగాలు కూడా కలిసి పెరిగి, కలిసి తగ్గాయి. తాళాలు మోగుతుండగా చివరి నామావళి ద్రుతంలో పడినప్పుడు కలిగే ఊపు ఎవరికి వారు ఇంట్లో పాడుకుంటే రాదు. అది మాత్రం నా అనుభవం.

భజనకు ఉన్న ఇబ్బందులూ చెప్పాలి. మైకు ఎవరి చేతిలో ఉండాలన్న తగాదా ప్రతి బృందంలోనూ ఉంటుంది. మనుషులతో విసిగిపోయి వచ్చినవాళ్లకు ఇది గిట్టదు. అరిచి పాడే అలవాటున్న చోట గొంతు బొంగురుపోతుంది. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి.

శాస్త్రీయ సంగీతం వేరే దారి. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు దాటి గీతం దాకా రావడానికి వారానికి రెండు తరగతులతో నెలలు పడుతుంది. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. కంభం వైపున్న కాకర్ల ఆయన పూర్వీకుల ఊరు. ఆ మాట చెప్పి ఉత్సాహపరిచే గురువులు మన దగ్గర ఉన్నారు కానీ, మాయామాళవగౌళ రాగంలో స రి గ మ మూడు వేగాల్లో పాడేటప్పుడు ఆ ఉత్సాహం అక్కరకు రాదు. ఓర్పే కావాలి. కాబట్టి ఇది ఉద్యోగ విరమణ చేసి, పొద్దున్నే లేచి "ఇవాళ చేయడానికేముంది" అనుకునేవాళ్లకు చక్కటి వ్యాపకం. తలమునకలుగా పనిలో ఉన్నవాళ్లకు అది మరో బాకీ అవుతుంది.

అల్లిక, కుట్టు

ఆసుపత్రి వరండాలో, బస్టాండులో, కోచింగ్ సెంటరు బయట, ఎక్కడ ఎదురుచూడాల్సి వచ్చినా చేతిసంచిలో పట్టే వ్యాపకం ఇదొక్కటే. ఒక క్రోషే సూది, ఒక దారపు ఉండ చాలు. చేతులు ఒకే కదలికను తిరిగి తిరిగి చేస్తుంటే మనసు నెమ్మదిస్తుందని అల్లేవాళ్లు చెబుతారు. 2013లో వచ్చిన ఒక సర్వేలో 3,545 మంది అల్లికదారులు జవాబులిచ్చారు. ఎక్కువసార్లు అల్లేవాళ్లే ఎక్కువ ప్రశాంతంగా ఉన్నామని చెప్పారు. వాళ్లకు వాళ్లే చెప్పుకున్న సంగతి కనుక ఆ మేరకే తీసుకోవాలి.

ఫోను చూస్తూ గడిపే సమయాన్ని తగ్గించాలనుకునేవాళ్లకు ఇది ముందుగా చెప్పే వ్యాపకం. రెండు చేతులూ ఖాళీగా ఉండవు మరి. అయితే రోజంతా కీబోర్డు మీద టైపు చేసేవాళ్లకు, బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నవాళ్లకు వద్దంటాను. ఇరవై నిమిషాలకోసారి సూది పక్కన పెట్టి, మెడ ఎత్తి దూరంగా చూడాలి. చీకట్లో నల్లదారం జోలికి పోకండి. మన ఉక్కలో ఊలు చేతికి చెమటతో అంటుకుంటుంది కాబట్టి నూలుదారంతో మొదలుపెట్టండి.

కోలాటం

కూర్చుని చేసే ఉద్యోగానికి అసలైన విరుగుడు ఇదే. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజూ నడవమంటే సాకులు వెతికేవాళ్లు కూడా కోలాటం సాధనకు వారంలో మూడు సాయంత్రాలు ఠంచనుగా వస్తారు. రాకపోతే జట్టులో ఎదుటివాళ్ల కోల గాలిలో ఉండిపోతుంది కదా! కోపు, అంటే అడుగుల వరుస, మారినప్పుడు అడుగూ చేయీ తాళమూ ఒకేసారి గుర్తుండాలి, కాబట్టి మెదడుకూ పని.

2003లో న్యూయార్కులో 75 ఏళ్లు దాటిన 469 మందిని గమనించిన అధ్యయనంలో, శారీరక వ్యాపకాలన్నింటిలో నాట్యం ఒక్కటే మతిమరుపు జబ్బు ముప్పు తక్కువగా ఉండటంతో ముడిపడి కనిపించింది. అది వాళ్ల నాట్యం. మన కోలాటాన్ని ఎవరూ అలా కొలిచినట్టు చెప్పడం లేదు.

రంగనాయకులపేట బ్రహ్మోత్సవాల్లో కోలాటం చూసి ముచ్చటపడి చేరేవాళ్లు ఒక సంగతి గమనించాలి: అక్కడ కనిపించేది నెలల సాధన. మోకాలి నొప్పి ఉంటే ఎగిరే కోపులు మానుకుని నడక కోపులతో సరిపెట్టమని గురువుకు ముందే చెప్పండి. మధుమేహం ఉండి పాదాలు తిమ్మిరిగా ఉండేవాళ్లు సిమెంటు నేల మీద వట్టికాళ్లతో ఆడకూడదు, దెబ్బ తగిలినా తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటాకే సాధన.

రాత

తిక్కన పదిహేను పర్వాలు తెలిగించిన ఊళ్లో కూర్చుని నాలుగు వాక్యాలు రాయడానికి జంకడం సహజమే. ఈ రాత ఎవరూ చదవడానికి కాదు. 1986లో పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త కాలేజీ విద్యార్థులను వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాధించిన సంగతుల గురించి రాయమన్నారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. ఆ తర్వాత ఎంతోమంది మళ్లీ పరీక్షిస్తే లాభం ఉన్నా చిన్నదేనని తేలింది.

కాబట్టి పడుకునే ముందు రాయకండి. సాయంత్రం రాసి, ఆ తర్వాత కాసేపు నడవండి. రాస్తున్నకొద్దీ కుంగిపోతున్నా, బతకాలనిపించకపోయినా పుస్తకం మూసి 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ అది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ దశలో ఏ వ్యాపకమూ వైద్యానికి బదులు కాదు.

చెక్క పని

ఉదయగిరి చెక్క గరిటెలు చూసి ఇంట్లోనే చేద్దామనుకునేవాళ్లు ఉంటారు. చేతికి బరువు, ముక్కుకు వాసన, కంటికి ఆకారం ఒకేసారి అందించే పని అది. తెర ముందు బతికేవాళ్లకు బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ కత్తి పట్టడం ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకోవాలి, వీడియో చూసి కాదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు దీన్ని వదిలేయడమే మేలు.

మరి మీకు ఏది?

*రొయ్యల చెరువు ఉన్న రైతుకు:* తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి ఏరేటర్ ఆగిందేమోనని అర్ధరాత్రి లేచి చూసే బతుకు. నిద్ర ముక్కలవుతుంది, బెంగ వదలదు. ఆయనకు సాయంత్రం కోలాటం చెప్పను, ఉన్న ఓపిక కూడా పోతుంది. చెరువు గట్టు మీద షెడ్డులో ఒంటరిగా గడిచే ఆ గంటల్లో పాటే తోడు. తప్పు వినేవాళ్లూ ఉండరు.

*పోటీ పరీక్షలకు చదివే అమ్మాయికి:* రాత వద్దు, ఆమె రోజంతా రాతే. కోలాటం మంచిది. కుదరకపోతే పావుగంట మెలికల ముగ్గు.

*మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకునే ఇల్లాలికి:* ఏ క్షణంలో పిలుపు వస్తుందో తెలియదు కాబట్టి మధ్యలో ఆపగలిగేది కావాలి. అల్లిక. సూది ఉన్నచోట వదిలేసి వెళ్లి, రెండు గంటల తర్వాత వచ్చినా అక్కడి నుంచే మొదలవుతుంది. ముగ్గు అలా కాదు, గీత దారి మరిచిపోతాం. ఇంట్లో ఎవరైనా వారానికి ఒక సాయంత్రం ఆమె బదులు కూర్చోగలిగితే భజన కూడా. రెండిట్లో ఒకటే అంటే నేను భజన వైపే మొగ్గుతాను. ఆమెకు నాలుగు గోడల బయటి ముఖాలు కనిపించడం ఎక్కువ అవసరం.

*పొగాకు వేలం కాలంలో ఊపిరి సలపని రైతుకు, వ్యాపారికి:* ఆ నెలల్లో కొత్తది ఏదీ మొదలుపెట్టకండి. మొదలుపెట్టి మానేసిన వ్యాపకం మనసుకు మరో ఓటమి. వేలం ముగిశాక చూసుకోండి.

*ఉద్యోగ విరమణ చేసిన మాస్టారికి:* సంగీతం. లేదా ఏ బృందంలోనైనా శిష్యుడిగా ఉండాల్సిన స్థానం. ముప్పై అయిదేళ్లు చెప్పిన నోటికి వినడం కష్టమే అనుకోండి.

మీరు ఏది మొదలుపెట్టినా రెండో నెలలో చుట్టాల్లో ఎవరో ఒకరు "బాగుందే, అమ్మితే డబ్బులొస్తాయి కదా" అంటారు. మా బంధువుల అమ్మాయి అల్లిన సంచులకు అలాగే ఆర్డర్లు మొదలయ్యాయి. డబ్బు వచ్చింది, సంతోషమే. గడువులూ వచ్చాయి, బొటనవేలికి పట్టీ వచ్చింది. డబ్బు అవసరమైతే నిస్సంకోచంగా అమ్మండి, కానీ ఆ రోజు నుంచి అది మీ ఉద్యోగం. వ్యాపకం కోసం ఇంకోటి వెతుక్కోవాల్సిందే.

తేల్చుకోలేకపోతే రెండింటిని పక్కన పెట్టుకుని ఒక్కొక్కటి మూడు వారాలు చేసి చూడండి. సామాను కొనవద్దు, అడిగి తెచ్చుకోండి. కోలాటం గురువు దగ్గర అదనపు కోలలు ఉంటాయి, భజనకు తాళాలు మందిరమే ఇస్తుంది, పలక ఏ ఇంటి అటకమీదనైనా దొరుకుతుంది. మూడు వారాలయ్యాక మీకు మీరు వేసుకోవలసిన ప్రశ్న "బాగా వచ్చిందా?" అని కాదు. ఆ రాత్రుల్లో నిద్ర ఎలా పట్టింది, ఒక రోజు మానేస్తే వెలితిగా అనిపించిందా, ఈ రెండూ చూసుకోండి. రెండో వారంలో విసుగు తప్పకుండా వస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. వయొలిన్ కావాలనుకునేవాళ్లు మాత్రం కొనకముందు ఒకసారి చుట్టుపక్కల బీరువాల మీద చూడండి.